రాళ్లలో నీటి దారి వెతికేవాళ్లు

పాత కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలో మంగంపేట అనే ఊరుంది. అక్కడ నేల తవ్వితే బూడిదరంగులో, చేతికెత్తుకుంటే ఆశ్చర్యపోయేంత బరువుగా ఉండే రాయి వస్తుంది. జనం దాన్ని ముగ్గురాయి అంటారు. వ్యాపారులు, శాస్త్రజ్ఞులు బెరైటీస్ అంటారు. మంగంపేటలో ఉన్నది సుమారు 7.4 కోట్ల టన్నులని అంచనా. ఒకేచోట ఇంత ముగ్గురాయి దొరికే నిక్షేపం ప్రపంచంలో మరొకటి లేదు.

ఈ రాయిని మెత్తటి పొడిగా చేసి దేశదేశాల చమురు బావులకు పంపుతారు. వేల అడుగుల లోతున రాతి పొరల్లో చమురు, గ్యాసు, ఉప్పునీరు విపరీతమైన ఒత్తిడిలో ఉంటాయి. డ్రిల్లింగ్ గొట్టం ఆ పొరలోకి దిగిందంటే అవి ఒక్కసారిగా పైకి తన్నుకొస్తాయి. వాటిని అదిమి ఉంచడానికి బావి నిండా చిక్కటి బురద నింపుతారు. నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువుండే ముగ్గురాయి పొడి కలిస్తేనే ఆ బురదకు కావలసిన బరువు వస్తుంది. అదుపు తప్పితే ఏమవుతుందో కోనసీమ వాళ్లకు తెలుసు. 1995 జనవరి 8న పాసర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి పేలి మంటలు లేచాయి. వాటిని ఆర్పడానికి 65 రోజులు పట్టింది.

ద్రవాన్ని అణిచిపెట్టే ఈ రాయి తానూ ఒకప్పుడు ద్రవంలోంచే పుట్టింది. కోట్లాది ఏళ్ల కిందట ఇక్కడ సముద్రం ఉండేది. భూమి లోపలినుంచి అగ్నిపర్వతాల వేడితో పైకొచ్చిన ద్రవాలు బేరియాన్ని మోసుకొచ్చాయని, సముద్రపు నీటిలోని సల్ఫేటుతో కలిసి అది అడుగున పేరుకుందని ఎక్కువమంది భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. పుల్లంపేట బంకరాతి పొరల మధ్య ముగ్గురాయి పరుపులు పరుపులుగా ఉండటానికి వాళ్లు చూపే కారణం ఇదే.

రాళ్లలో ద్రవాలు ఎలా కదిలాయో, ఇప్పుడెలా కదులుతున్నాయో తేల్చడమే జీవితకాలపు పనిగా పెట్టుకునే భూగర్భ శాస్త్రవేత్తలు ఉన్నారు. ఇసుక, బురద, సున్నం పొరలుగా పేరుకుని గట్టిపడిన రాళ్లను అవక్షేప శిలలంటారు. వాళ్ల పనంతా వాటితోనే. చమురు కంపెనీలకు వాళ్లు కావాలి, గనులకు కావాలి, తాగునీటికి కావాలి. అన్నిటికంటే ఎక్కువగా బోరు మీద బోరు వేసి అప్పులపాలయ్యే రాయలసీమ రైతుకు కావాలి. ఆ చదువుకు కడప, కర్నూలు జిల్లాలకంటే మంచి పాఠశాల దేశంలో ఎక్కడో గానీ దొరకదు.

ఈ నేల రాళ్లను మొదట క్రమపద్ధతిలో చదివినవాడు విలియం కింగ్. 1857లో భారత భూగర్భ సర్వేలో చేరాడు. తండ్రి పేరూ విలియం కింగే. ఆయన ఐర్లండులోని గాల్వేలో ఆచార్యుడు. నియాండర్తల్ మానవుడికి శాస్త్రీయ నామం పెట్టింది ఆ పెద్దాయనే. కొడుకు మద్రాసు ప్రెసిడెన్సీలో పనికి కుదిరి, ఎర్రమల, నల్లమల కొండల మధ్య రాయి రాయినీ పరీక్షించి, 1872లో కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. తర్వాత 1887 నుంచి 1894 వరకు ఆ సంస్థకే అధిపతిగా ఉన్నాడు.

ఆయన రాతి పొరలకు పెట్టిన పేర్లు చూడండి: పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ, బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం, కుందేరు. గుల్చెరు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, నార్జి, కోవెలకుంట్ల, నంద్యాల కూడా ఈ శాస్త్రంలో రాతి పేర్లయ్యాయి. మన వాగుల, మన పల్లెల పేర్లతోనే ప్రపంచమంతా ఈ రాళ్ల గురించి రాస్తుంది, చదువుతుంది. మన బడిపిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? తెలియాలి.

ఈ రాళ్లన్నీ కలిసిన ప్రాంతాన్ని కడప బేసిన్ అంటారు. నెలవంక ఆకారంలో సుమారు 44 వేల చదరపు కిలోమీటర్లలో పరుచుకుని ఉంటుంది. పొరలన్నిటి మందం కూడితే కొన్నిచోట్ల పది కిలోమీటర్లు దాటుతుంది. అడుగు పొరలు పేరుకోవడం మొదలై సుమారు 190 కోట్ల ఏళ్లయింది. పులివెందుల దగ్గర ఆ పొరల మధ్యకు చొచ్చుకొచ్చిన నల్లటి అగ్నిశిల వయసు సుమారు 188 కోట్ల ఏళ్లని రేడియోధార్మిక పద్ధతుల్లో లెక్కగట్టారు. అప్పటికి భూమ్మీద చెట్టు లేదు, చేప లేదు. సున్నపు సముద్రాల్లో సూక్ష్మజీవుల జిగురు పొరలు మాత్రం ఉండేవి. వాటి గుర్తులు వేంపల్లె రాళ్లలో ఉల్లిపొరల్లాంటి చారలుగా ఇప్పటికీ కనిపిస్తాయి.

కింగ్ ఈ రాళ్లను పరీక్షించే నాటికి ఫ్రాన్సులో మరో పని జరిగింది. దిజోన్ పట్టణానికి తాగునీటి ఏర్పాట్లు చేసిన ఇంజనీరు హెన్రీ డార్సీ, నిలువు గొట్టాల్లో ఇసుక నింపి, వాటిలోంచి నీరు పంపి, ఎంతసేపటికి ఎంత దిగుతుందో కొలిచాడు. 1856లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. నీటి మట్టాల మధ్య తేడా పెరిగేకొద్దీ ప్రవాహం పెరుగుతుంది, దాటాల్సిన ఇసుక పొడవు పెరిగేకొద్దీ తగ్గుతుంది, మిగతాదంతా ఆ ఇసుక గుణం. చూడటానికి ఇంతే. కానీ ఈ రోజుకీ చమురు బావిలో ఎంత నూనె వస్తుందో, ఊరి బోరులో ఎన్ని నీళ్లొస్తాయో లెక్కగట్టడానికి డార్సీ సూత్రంతోనే మొదలుపెడతారు.

‘ఆ ఇసుక గుణం’ అన్నచోటే అసలు చిక్కంతా ఉంది. రాతిలో ఖాళీ ఉండటం ఒకటి, ఆ ఖాళీల్లోంచి నీరు కదలగలగడం ఇంకొకటి. ఇంటినిండా గదులుండి, గదికీ గదికీ మధ్య తలుపులు లేకపోతే లోపలివాళ్లు బయటికి రాలేరు. బంకరాయి అలాంటిదే. దాన్లో నీరు బోలెడు ఉండొచ్చు, పంపు పెడితే చుక్క రాదు. బాగా నీరు పారే గులకరాళ్ల పొరకూ, గట్టి బంకరాతికీ మధ్య ఈ ప్రవహింపజేసే గుణంలో వెయ్యి కోట్ల రెట్లు తేడా ఉంటుంది. ప్రకృతిలో ఒక లక్షణం ఇంత విస్తారంగా మారడం అరుదు. అందుకే ఒక పొలంలో వేసిన బోరు పక్క పొలానికి సాక్ష్యం కాలేదు.

కడప, కర్నూలు ప్రాంతంలో ముఖ్యంగా మూడు రకాల రాళ్లున్నాయి. మొదటిది క్వార్ట్‌జైట్. ఒకప్పటి సముద్రతీరపు ఇసుక. కాలక్రమంలో ఇసుక రేణువుల సందుల్లోకి సిలికా కలిసిన నీరు పారి, ఆ సిలికా అక్కడే గడ్డకట్టి, సందులన్నీ మూసుకుపోయాయి. నీరే తన దారిని తానే మూసేసుకుందన్నమాట. గండికోట దగ్గర పెన్నానది కోసిన లోయ అంచున నిలబడితే ఆ రాయి గోడలాగా కనిపిస్తుంది. కానీ జాగ్రత్తగా చూస్తే అడ్డంగా పరుపుల గీతలు, నిలువుగా పగుళ్లు ఎటు చూసినా ఉంటాయి. ఆ రాతిలో నీటికి మిగిలిన దారి ఆ పగుళ్లే. బోరు పగులుకు తగిలితే ధార, తగలకపోతే దుమ్ము.

రెండోది బంకరాయి, పలకరాయి. నంద్యాల లోయలోనూ, నల్లమల తూర్పు వైపు కంభం, పుల్లంపేట ప్రాంతాల్లోనూ ఇది ఎక్కువ. నీటిని ఆపడంలో దీన్ని మించింది లేదు. మూడోది సున్నపురాయి, దాని చుట్టమైన డోలమైటు. బేతంచెర్ల, తాడిపత్రి చుట్టూ ఇళ్లకు పరిచే నాపరాళ్లు ఈ జాతివే. నీరు దీన్ని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. కరిగేకొద్దీ దారి పెద్దదవుతుంది, దారి పెద్దదయ్యేకొద్దీ ఇంకా నీరు వస్తుంది.

ఎప్పుడో ఎండిపోయిన నీటి గురించి శాస్త్రవేత్తకు ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు రాతిలోనే దొరకడం ఈ శాస్త్రంలోని అతి అందమైన విషయం. వేడి ద్రవంలోంచి స్ఫటికం పెరిగేటప్పుడు, ఆ ద్రవపు చుక్కలు కొన్ని దాని లోపల చిక్కుకుపోతాయి. మామూలు కంటికి కనిపించవు, చాలావరకు వెంట్రుక మందం కూడా ఉండవు. ఇంగ్లండుకు చెందిన హెన్రీ క్లిఫ్టన్ సార్బీ 1858లోనే వీటిని సూక్ష్మదర్శినితో చూసి, ఇవి రాతి పుట్టుక చెప్పగలవని చాటాడు. ఆ చుక్క వేడిగా ఉన్నప్పుడు స్ఫటికంలోని ఖాళీని పూర్తిగా నింపింది. చల్లారాక కుంచించుకుపోయి, పక్కన చిన్న బుడగ ఏర్పడింది. ఇప్పుడు ప్రయోగశాలలో ఆ స్ఫటికపు పల్చటి పలకను సూక్ష్మదర్శిని కింద మెల్లగా వేడిచేస్తారు. బుడగ చిన్నదవుతూ చిన్నదవుతూ ఒక వేడి దగ్గర మాయమవుతుంది. ద్రవం చిక్కుకున్నప్పుడు కనీసం అంత వేడిగా ఉండేదని అర్థం. అదే చుక్కను గడ్డకట్టించి, మంచు ఏ చలి దగ్గర కరుగుతుందో చూస్తే దానిలో ఎంత ఉప్పుందో తెలుస్తుంది. నూరు కోట్ల ఏళ్లనాటి నీటికి వేడీ ఉప్పూ కొలవగలగడమంటే మాటలు కాదు.

ఈ చదువు పుస్తకాలకే పరిమితం కాదని పులివెందుల పక్కనున్న బ్రాహ్మణపల్లె చెబుతుంది. అక్కడ రాతినార తవ్వేవారు. ఆస్‌బెస్టాస్ అన్నా అదే. అది అక్కడే ఎందుకు ఏర్పడింది? కరిగిన నల్లరాయి వేంపల్లె డోలమైటు పరుపుల మధ్యకు చొరబడింది. డోలమైటులో మెగ్నీషియం ఉంది. ఆ వేడికి సిలికా కలిసిన ద్రవాలు కదిలి డోలమైటులోకి పాకాయి. రెండూ కలిసి సర్పెంటైన్ అనే ఖనిజం ఏర్పడింది, దాని పగుళ్లలో పట్టుదారాల్లాంటి నార పెరిగింది. నల్లరాయీ డోలమైటూ ఒకదాన్నొకటి ఆనుకున్న గీత వెంబడే నార దొరుకుతుంది, దూరం వెళ్తే దొరకదు. కంటికి కనబడని ఒక ప్రవాహం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఆ గీత చూపిస్తుంది. ఆ నార పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని లోకానికి తెలిసేసరికి చాలామంది కూలీల ఆరోగ్యం పోయింది. అది వేరే వ్యాసానికి తగిన విషయం, తప్పక రాయాల్సిన విషయం.

నల్లమల ఈశాన్య అంచున, వినుకొండ వైపు అగ్నిగుండాలలో డోలమైటులో సీసం ఖనిజం దొరికింది. సీసాన్ని మోసుకురావడానికి వేడి ఉప్పునీళ్లే వాహనాలు. ప్రపంచంలో ఎన్నో సీసం గనులు ఇలాగే, సున్నపురాళ్లలోకి దూరిన ఉప్పునీళ్ల దారిలో పుట్టాయి.

వేంపల్లె డోలమైటుకు ఇంకో పేరూ వచ్చింది, యురేనియం వల్ల. తుమ్మలపల్లె చుట్టూ రెడ్డిపల్లె నుంచి మద్దిమడుగు దాకా సుమారు 160 కిలోమీటర్ల పొడవునా ఒకే రాతి పట్టీలో యురేనియం ఉందని అణుఖనిజాల సంస్థ భూగర్భ శాస్త్రవేత్తలు గుర్తించారు. మామూలుగా యురేనియాన్ని రాతిలోంచి లాగడానికి ఆమ్లం వాడతారు. ఇక్కడి రాయి సున్నపు జాతిది కాబట్టి ఆమ్లం పోస్తే రాయే దాన్ని తినేస్తుంది. అందుకే దేశంలో మొదటిసారి క్షార ద్రావణంతో, ఒత్తిడిలో కరిగించే కర్మాగారం ఇక్కడ కట్టారు. ఒక రాయి నీటితో ఎలా స్పందిస్తుందో తెలిస్తేనే గని నడుస్తుందనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

కానీ అదే ప్రశ్నకు మరో వైపుంది. శుద్ధి తర్వాత మిగిలిన వ్యర్థాన్ని నిలవచేసే చెరువు నుంచి నీరు భూమిలోకి ఇంకి తమ బోర్లలోకి వస్తోందని చుట్టుపక్కల పల్లెల రైతులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. కర్మాగారం యాజమాన్యం కాదంటోంది. ఈ వాదన తీర్చగలిగేది నినాదం కాదు, ప్రకటన కాదు. చెరువుకీ బోరుకీ మధ్య రాతిలో పగుళ్లు ఎటు పోతున్నాయి, నీటి మట్టం ఎటు వాలుతోంది, నీటి రసాయన గుణం ఎక్కడ ఎలా మారుతోంది, వీటిని ఏళ్ల తరబడి కొలిచి బహిరంగంగా పెట్టాలి. రాళ్లలో ప్రవాహం చదివినవాళ్లు చేయాల్సిన పని సరిగ్గా ఇదే. ఊరివాళ్లకు ఆ అంకెలు తెలుగులో, గ్రామ సచివాలయం గోడ మీద కనబడాలి.

ఇక నీరు చేసిన పనిని చేత్తో తాకాలంటే కొలిమిగుండ్ల మండలంలోని బెలూం గుహలకు వెళ్లాలి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని నమోదు చేశాడు. మన దేశంలో పాతరాతియుగపు గొడ్డలిని 1863లో మొదట గుర్తించిన ఆ ఫుటే. అదే ఏడు మద్రాసు దగ్గర అత్తిరాంపాక్కంలో ఆయనతో కలిసి అలాంటి పనిముట్లు ఏరినవాడు విలియం కింగ్. ఫుట్ నమోదు చేశాక దాదాపు నూరేళ్లు ఈ గుహలు మరుగున పడ్డాయి. 1980ల మొదట్లో డేనియల్ గెబౌర్ అనే జర్మన్ గుహాన్వేషకుడి బృందం వచ్చి లోపలి దారులన్నీ కొలిచి పటం గీసింది. పొడవు 3,229 మీటర్లని తేలింది. మేఘాలయ గుహలను పక్కనపెడితే ఇంత పొడవైనవి దేశంలో లేవు.

ఆ పటాన్ని ఓపిగ్గా చూస్తే బెలూం కథ అంతా అర్థమవుతుంది. దారులు ఇష్టమొచ్చినట్టు వంకర్లు పోవు. ఒకదాన్నొకటి కోసుకుంటూ, గళ్లు గళ్లుగా ఉంటాయి. అంటే నీరు మొదట సున్నపురాతి పగుళ్ల వెంట నడిచింది. వాన నీరు మట్టిలోంచి దిగేటప్పుడు వేర్లు, సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడును కలుపుకుని కొంచెం పుల్లబడుతుంది. ఆ పులుపుకు సున్నపురాయి కరుగుతుంది. వెంట్రుకంత పగులు వేల ఏళ్లలో వేలంతవుతుంది, ఆ తర్వాత మనిషి దూరేంత, చివరికి మందిరమంత. అడుగున సుమారు 46 మీటర్ల లోతున పాతాళగంగ ఉంది. నీరు అక్కడ చిన్నగా పారి మళ్లీ రాతిలోకి మాయమవుతుంది. పైన నేల మీద ఎండకు మాడిన కంపచెట్లు, కింద నీటి చప్పుడు. ఈ ప్రాంతాన్ని కరువు నేల అనడం సగం నిజమే. నీరుంది. కానీ అది వేరే అంతస్తులో ఉంది.

మహానంది కోనేరు మరో రకం. నల్లమల అడవుల్లో పడ్డ వాన కొండరాతి పగుళ్లలోకి దిగి, లోతున చుట్టూ తిరిగి, ముందుకు దారిలేని చోట కొండ అడుగున బయటపడుతుంది. ఎన్ని కరువులొచ్చినా ఆ బుగ్గ ఆగలేదు, ఆ నీటితో కింద వేల ఎకరాల అరటి, వరి పండుతాయి. చలికాలంలో గోరువెచ్చగా, వేసవిలో చల్లగా ఉంటుందని భక్తులు చెప్పేదానికి శాస్త్రం అడ్డుపడదు. లోతైన రాతిలో ఏడాది పొడవునా వేడి దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. మారేది మన ఒంటికి తగిలే గాలి. యాగంటి, పాణ్యం, కాల్వబుగ్గ, తాడిపత్రి బుగ్గరామలింగేశ్వరం, ఇలా గుడి పక్కన బుగ్గ ఉన్నచోటల్లా రెండు రకాల రాళ్లు కలిసే గీతో, పెద్ద పగులో దగ్గర్లో ఉండే అవకాశం ఎక్కువ. గుడి కట్టినవాళ్లు నీళ్లు చూసి కట్టారు. నీళ్లు రాళ్లను చూసి వచ్చాయి.

నీరు వెనక్కి తగ్గితే ఏమవుతుందో కూడా ఈ నేల చూపించింది. 2015 నవంబరులో భారీ వానలు పడ్డాక కడప పట్టణాన్ని ఆనుకున్న చింతకొమ్మదిన్నె మండలంలో పొలాల్లో భూమి గుండ్రంగా కుంగిపోయి, లోతైన గుంతలు పడ్డాయి. జనం భయంతో ఊళ్లు వదిలే పరిస్థితి వచ్చింది. పాతాళం తెరుచుకుందన్నారు కొందరు. భూగర్భ శాస్త్రవేత్తలు చూపిన కారణం సాదాసీదాగా ఉంది: ఏళ్ల తరబడి బోర్లతో తోడేయడంతో అడుగున నీటి మట్టం పడిపోయింది. అంతకుముందు నీరు మోస్తున్న సందులు ఖాళీ అయ్యాయి. ఒక్కసారిగా వచ్చిన వాన పైమట్టిని ఆ సందుల్లోకి కడిగేసింది. మట్టి కిందికి జారిన చోట పైన గుంత పడింది. గాలేరు-నగరి కాలువ కోసం అవుకు దగ్గర సొరంగం తవ్వినప్పుడు కూడా కొండలో బలహీనంగా నలిగిన రాతి మండలం అడ్డొచ్చి పని ఏళ్ల తరబడి కుంటుపడింది. రాతి గురించి ముందే తెలుసుకోవడానికి అయ్యే ఖర్చు, తర్వాత తెలుసుకోవడానికయ్యే దాంతో పోలిస్తే లెక్కలోకి రాదు.

కడప బేసిన్ లోతు ఎంతో తెలుసుకునే ప్రయత్నం 1970ల్లో పెద్ద ఎత్తున జరిగింది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ సోవియట్ శాస్త్రజ్ఞుల సహకారంతో తూర్పు తీరాన కావలి నుంచి పశ్చిమ తీరాన ఉడుపి దాకా సుమారు 600 కిలోమీటర్ల గీత మీద పేలుళ్లు జరిపి, వాటి తరంగాలు రాళ్లలో ఎలా ప్రయాణిస్తాయో కొలిచింది. దేశంలో ఈ తరహా లోతైన పరిశీలన అదే మొదటిది.

రాళ్లనూ నీటినీ చదివే జీవితం ఎలా ఉంటుందో చూడాలంటే ఉప్పుగుండూరి అశ్వత్థనారాయణను తలచుకోవాలి. 1928లో పుట్టిన ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్రవేత్త కలమూరు మహదేవన్ దగ్గర ఎదిగారు. మహదేవన్ సర్ సి.వి.రామన్ దగ్గర పనిచేసి వచ్చినవారు. భౌతికశాస్త్రపు కొలతలను రాళ్ల చదువులోకి తెచ్చిన తరం అది. అశ్వత్థనారాయణ తూర్పు కనుమల రాళ్లకూ, కడప రాళ్లకూ ఐసోటోపులతో వయసు లెక్కగట్టి 1960ల్లో అంతర్జాతీయ పత్రికల్లో ప్రచురించారు. విలియం కింగ్ కాలంలో ‘పాతవి’ అని మాత్రమే చెప్పగలిగిన రాళ్లకు ఏళ్ల లెక్క రావడంలో ఆయన పాలు ఉంది. తర్వాత మధ్యప్రదేశ్‌లోని సాగర్, టాంజానియాలోని దార్ ఎస్ సలామ్, మొజాంబిక్‌లోని మపుటో దాకా వెళ్లి బోధించారు. ఆఫ్రికా పల్లెల్లో నీటి కొరత చూశాక ఆయన దృష్టి రాళ్ల వయసు నుంచి నీటి నిర్వహణకు మళ్లింది. 2001లో జలవనరులూ పర్యావరణమూ విషయంగా ఆయన పుస్తకం వచ్చింది. హైదరాబాదులో తన గురువు పేరుతో నెలకొల్పిన నీటివనరుల కేంద్రాన్ని నడిపారు. కడప రాయితో మొదలైన పరిశోధన చివరికి మంచినీటి దగ్గరికి చేరడం సహజంగానే అనిపిస్తుంది. రెండింటి మధ్యా ఉన్నది ఒకే శాస్త్రం.

ఈ చదువుకు దారులు మన పిల్లలకు దగ్గర్లోనే ఉన్నాయి. విశాఖలో ఆంధ్ర, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయాల్లో భూగర్భ శాస్త్రం చెబుతారు. యూపీఎస్సీ నిర్వహించే భూవిజ్ఞాన పరీక్ష రాసి భారత భూగర్భ సర్వేలోనూ, కేంద్ర భూగర్భజల మండలిలోనూ చేరవచ్చు. చమురు సంస్థలు, అణుఖనిజాల సంస్థ, రాష్ట్ర భూగర్భజల శాఖ ఎలాగూ ఉన్నాయి. ఇప్పుడు కొత్త పని కూడా వచ్చింది. నార్వే 1996 నుంచి స్లైప్నర్ అనే చోట సముద్రగర్భపు ఇసుకరాతిలోకి ఏటా లక్షలాది టన్నుల కార్బన్ డయాక్సైడు పంపి దాచిపెట్టింది. అది పైకి రాకుండా ఆపే బంకరాతి మూత ఎంత గట్టిదో చెప్పాల్సింది రాళ్లలో ప్రవాహం తెలిసినవాళ్లే. ఇంజనీరింగ్ సీటు దొరకనివాళ్లు చేరే కోర్సు అన్న చిన్నచూపు భూగర్భ శాస్త్రానికి మన దగ్గర ఉంది. అది పోవాలి.

అయితే రాయలసీమలో ఈ శాస్త్రానికి అత్యంత విలువైన ప్రయోగం విశ్వవిద్యాలయంలో జరగలేదు. పొలాల్లో జరిగింది. 2000 దశకంలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మద్దతుతో, రైతులే భూగర్భజలాలను నిర్వహించుకునే పథకం ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు అందులో ఉన్నాయి. ముందుండి నడిపించింది ఆళ్లగడ్డ కేంద్రంగా పనిచేసే బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ. ఆరు వందలకు పైగా పల్లెల్లో రైతులు, ఆడవాళ్లతో సహా, వర్షమాపకంలో వాన కొలిచారు, బోర్లలోకి తాడు వదిలి నీటి మట్టం కొలిచారు, ఆ అంకెలు ఊరి గోడ మీద రాశారు. వానాకాలం అయిపోగానే అంతా కూర్చుని లెక్క వేసుకునేవారు: నేలలోకి ఎంత దిగింది, రబీలో ఎవరు ఏ పంట వేస్తే ఎంత తోడతాం, మిగిలేది ఎంత. లోటు కనబడితే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లినవాళ్లు చాలామంది.

నీరు పొదుపు చేస్తే డబ్బిస్తామని ఎవరూ చెప్పలేదు, తోడితే శిక్ష వేస్తామనీ చెప్పలేదు. నీళ్లెక్కడున్నాయో, ఎలా కదులుతున్నాయో చూపించారు, అంతే. 2010లో ప్రపంచ బ్యాంకు భారతదేశపు భూగర్భజలాల మీద ఇచ్చిన నివేదికలో దీన్ని ప్రత్యేకంగా చెప్పింది. ఇలాంటి పని ప్రాజెక్టు డబ్బు ఉన్నన్నాళ్లే సాగి తర్వాత చల్లబడటం మన దురదృష్టం. ప్రభుత్వాలు దీన్ని శాశ్వత కార్యక్రమంగా తీసుకుని ఉంటే సీమలో ఇన్ని ఎండిన బోరు గొట్టాలు కనిపించేవి కావు.

ఇప్పటికీ చాలా ఊళ్లలో బోరు పాయింటు పెట్టేది అరచేతిలో నిలబెట్టిన కొబ్బరికాయే, లేదంటే చీలిన వేపపుల్లే. దానికీ కారణం ఉంది. రైతుకు భూగర్భజల శాఖ ఆఫీసు ఎక్కడుందో తెలియదు, తెలిసినా ఎప్పుడొస్తారో తెలియదు, రిగ్గు మాత్రం ఫోను చేస్తే రాత్రికే వస్తుంది. పోనీ యంత్రంతో చూసే పరీక్ష తప్పే చెప్పదా అంటే, అదీ కాదు. నేలలోకి విద్యుత్తు పంపి, ఎక్కడ తేలిగ్గా పారుతుందో చూసి నీటి జాడ పట్టే పద్ధతిలో, తడి బంకమట్టి కూడా నీరులాగే కనిపించవచ్చు. అందుకే పరికరం ఒక్కటే చాలదు. ఆ ఊరి రాతి పొర ఏది, ఎటు వాలి ఉంది, పగుళ్లు ఎటు నడుస్తున్నాయి, చుట్టూ ఉన్న పాత బోర్లలో ఏమైంది అన్నవి తెలిసిన మనిషి కావాలి.

ఈ చివరి విషయంలో రైతులు చేయగలిగింది చాలా ఉంది. ఏ ఊళ్లో చూసినా ఎండిపోయిన బోర్ల చరిత్ర మనుషుల జ్ఞాపకాల్లోనే ఉంది, కాగితం మీద లేదు. నిజానికి విఫలమైన బోరు కూడా భూమి లోపలికి వేసిన ఒక కిటికీ. వేలాది రూపాయలు పోసి తెరిచిన కిటికీలోంచి ఏం కనబడిందో రాసుకోకపోవడం కంటే పెద్ద నష్టం లేదు.

కాబట్టి పాఠకులకు ఒక విన్నపం. కొత్త బోరు వేసేముందు నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం (వాల్టా) ప్రకారం అనుమతి తీసుకోండి. ఊరి ఉమ్మడి తాగునీటి బావికి 250 మీటర్ల లోపు వేయకండి. జిల్లా కేంద్రంలోని భూగర్భజల శాఖకు వెళ్లి మీ సర్వే నంబరు ఇచ్చి సలహా అడగండి. రిగ్గు నడుస్తున్నంతసేపూ ఒక నోటుపుస్తకంతో పక్కన ఉండండి: ఎన్నో అడుగు దగ్గర ఏ రంగు పొడి వచ్చింది, రాయి ఎక్కడ మారింది, తేమ ఎక్కడ తగిలింది, ధార ఎన్నో అడుగున పడింది, లేదా అసలు పడలేదు. ప్రతి పది అడుగులకూ ఒక పిడికెడు పొడిని ప్లాస్టిక్ సంచిలో వేసి, అడుగుల లెక్క రాసి దాచండి. ఊళ్లో పదిమంది ఇలా దాచిపెడితే, తర్వాత వచ్చే భూగర్భ శాస్త్రవేత్త మీ ఊరి కింద నీటి దారిని కాగితం మీద గీసి చూపించగలడు.